సంపు మునిగిన రోజుకు తాగునీళ్లు: హైదరాబాద్ ఇంటికి ఒక లెక్క

గట్టి వాన పడి వీధిలో నీళ్లు నిలిచిన రోజున మన ఇంట్లో నీళ్ల పరిస్థితి ఏమిటో ఒక్కసారి చూడండి. సంపులో ఐదు వేల లీటర్లుంటాయి, కానీ వాటిలో నాలా నీళ్లు కలిసిపోయి ఉంటాయి. పైన ట్యాంకు అడుగంటుతుంటే ఎక్కిద్దామన్నా కరెంటుండదు. వంటింట్లో ఆర్వో మిషన్ గోడకు ఉంటుంది, అదీ కరెంటు లేనిదే పని చేయదు. గడప దాకా నీళ్లే, తాగడానికి మాత్రం గ్లాసెడు దొరకవు. 2020 అక్టోబరు 13 రాత్రి వానకు టోలిచౌకి నదీమ్ కాలనీ లాంటి చోట్ల నీళ్లు రోజుల తరబడి వెనక్కి పోలేదు. అప్పుడు జనం అన్నం పొట్లాల కోసమే కాదు, మంచినీళ్ల కోసం కూడా ఎదురుచూశారు.

వరద ఒక్కటే కారణం కాదు. నగరానికి కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో, పంపులతో ఎత్తు ఎక్కి వస్తాయి. దారిలో ఎక్కడ పైపు పగిలినా, పంపుహౌసుకు ఎక్కడ కరెంటు ఆగినా ఇక్కడ నల్లా బంద్ అవుతుంది. మరమ్మతులకు ఒకటి, ఒకటిన్నర రోజు ఆపుతున్నామని నగరానికి నీళ్లిచ్చే జలమండలి ముందే చెబుతుంది. రోజు తప్పించి రోజు నల్లా వచ్చే ఇంటికి మాత్రం ఆ ఒకటిన్నర రోజు మూడు, నాలుగు రోజుల ఎద్దడి అయి కూర్చుంటుంది. మన వంతు రోజు మధ్యలో కొట్టుకుపోతుంది కదా.

అందుకే అత్యవసరానికి దాచే తాగునీళ్లు సంపు మీద, కరెంటు మీద, ఆర్వో మీద ఆధారపడకూడదు. ఇంట్లో ఇంకెన్ని నీళ్లున్నా ఇవి వేరే డబ్బాల్లో, మూత బిగించి, తేదీ రాసి ఉండాలి. కింద చెప్పేదంతా ఈ ఒక్క పనికే.

ఎన్ని లీటర్లు?

మనిషికి రోజుకు 4 లీటర్లు. అందులో మూడు లీటర్లు తాగడానికి, ఒక లీటరు అన్నం, చారు, పళ్లు తోముకోవడానికి. స్నానం, బట్టలు, బాత్రూమ్ ఈ లెక్కలో లేవు, వాటి సంగతి తర్వాత. ఎండాకాలంలో ఫ్యాను కూడా లేకుండా గడపాల్సి వస్తే మూడు లీటర్లు చాలవు, ఏప్రిల్, మే నెలలకు మనిషికి 5 లీటర్లు వేసుకోండి.

ఎన్ని రోజులకు? మూడు రోజులకు తక్కువ కాకుండా. నలుగురున్న ఇంటికి 4 × 4 × 3, అంటే 48 లీటర్లు. ఒక బాటిల్ కారుతుంది, పక్కింటి ముసలావిడకు రెండు లీటర్లు ఇవ్వకుండా ఉండలేము, అందుకని 60 లీటర్లు పెట్టుకోండి. చోటుంటే వారానికి, అంటే 112 లీటర్లకు పెంచుకోవచ్చు. కానీ వారానికి సరిపడా పెట్టాలని మొదలుపెట్టి ఏమీ పెట్టకుండా ఆగిపోయే ఇళ్లే ఎక్కువ. ముందు ఈ 60 లీటర్లు పూర్తి చేయండి.

ఈ లెక్కకు పైన కలపాల్సినవి కొన్ని ఉన్నాయి. పాలిచ్చే తల్లి ఉంటే ఆమెకు రోజుకు ఇంకో లీటరు. ఆరు నెలల్లోపు బిడ్డ తల్లిపాలు తాగుతుంటే బిడ్డకు వేరే నీళ్లు అక్కర్లేదు, పట్టకూడదు కూడా. డబ్బాపాలు తాగే బిడ్డకు పాలు కలపడానికి, సీసా కడిగి మరిగించడానికి కలిపి రోజుకు రెండు లీటర్లు. ఇంట్లో ఎవరికైనా జ్వరమో, విరేచనాలో ఉంటే లీటరు నుంచి రెండు లీటర్లు ఎక్కువ. కిడ్నీ, గుండె జబ్బుతో నీళ్లు కొలిచి తాగేవాళ్లకు డాక్టరు చెప్పిన లెక్కే లెక్క. కుక్క ఉంటే దాని వాటా ఒక లీటరు.

నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు తిండి కూడా చూసుకుని తినాలి. మిక్చరు, ఆవకాయ, ఉప్పు చల్లిన చిప్స్ దాహాన్ని పెంచుతాయి. కొద్ది నీళ్లతో నానే అటుకులు, మరమరాలు, బెల్లం, పల్లీలు, అరటిపండ్లు నయం. అన్నం వండితే బియ్యం మూడు సార్లు కడగకుండా ఒక్కసారే కడిగి, ఆ కడుగు పారబోయకుండా బాత్రూమ్‌కు వాడండి. ఒక కట్ట విస్తరాకులు కొని కిట్‌లో పెట్టుకుంటే గిన్నెలు తోమే నీళ్లు రోజుకు బకెట్‌కు పైగా మిగులుతాయి.

ఏ డబ్బాలో పెట్టాలి?

అరవై లీటర్లంటే మూడు ఇరవై లీటర్ల క్యాన్లు తెచ్చి మూల పెట్టడం అని చాలామంది అనుకుంటారు. నిండిన క్యాను 21 కిలోల దాకా బరువు. కింది అంతస్తులోకి నీళ్లొస్తున్నప్పుడు, చీకట్లో, మెట్ల మీద ఒక్కరే దాన్ని ఎత్తుకుని పైకి పోలేరు. పైగా ఒక్క క్యాను పాడైతే మూడో వంతు నీళ్లు ఒకేసారి పోతాయి. అందుకని ఇలా విడగొట్టండి: సీలుతో ఉన్న ఇరవై లీటర్ల క్యాను ఒకటి, కుళాయి ఉన్న పది లీటర్ల డబ్బాలు రెండు, రెండు లీటర్ల బాటిళ్లు ఆరు, లీటరు బాటిళ్లు ఎనిమిది. అన్నీ కలిపితే 60. లీటరు బాటిళ్లు ఇల్లు వదిలి పోవాల్సి వస్తే సంచిలో వేసుకోవడానికి, తలకు రెండు.

ప్లాస్టిక్ డబ్బా అయితే అడుగున త్రికోణంలో ఉన్న అంకె చూడండి. 1 అంటే పెట్, 2 అంటే హెచ్‌డీపీఈ, రెండూ నీళ్లకు పనికొస్తాయి. కొత్తగా కొనేటప్పుడు తిండి పదార్థాలకు వాడే రకమే అడగండి. ఫినాయిల్, పెయింటు, యాసిడ్, పురుగుమందు వచ్చిన డబ్బా ఎన్నిసార్లు కడిగినా పనికిరాదు, ప్లాస్టిక్ ఆ మందును పీల్చుకుని తర్వాత నీళ్లలోకి మెల్లగా వదులుతుంది. పాల క్యాన్లు, నూనె డబ్బాలు కూడా వద్దు. జిడ్డు మూలల్లో మిగిలిపోతుంది, క్రిములకు అదే మేత. స్టీలు బిందె, రాగి బిందె మంచివే కానీ వాటి మూత బిగుసుకోదు. అవి ఆ రోజుకు వాడే నీళ్లకు సరే, మూడు నెలలు దాచడానికి కావు.

మూతి వెడల్పున్న పాత్రలో నీళ్లు పాడయ్యేది ఎక్కువగా మన చేతి వల్లే. గ్లాసు ముంచుతాం, గ్లాసుతో పాటు వేళ్లు మునుగుతాయి, వేలి గోళ్ల కింద ఉన్నది నీళ్లలో కలుస్తుంది. ఇంట్లో ఒకరికి విరేచనాలు మొదలై రెండో రోజుకు నలుగురికీ పట్టుకోవడం చాలాసార్లు ఇలాగే జరుగుతుంది. కుళాయి ఉన్న డబ్బా పెట్టుకోమనేది అందుకే. తప్పక బిందె, రంజన్ వాడాల్సి వస్తే పొడుగు కాడ గరిటె ఒకటి దానికే కేటాయించి, పక్కన మేకుకు తగిలించండి. అది నేల మీద పెట్టేది కాదు.

నింపే నీళ్లు: ఆర్వో కంటే నల్లా నయం

ఇది చాలామందికి తలకిందులుగా అనిపిస్తుంది. ఆర్వో మిషన్‌లో కార్బన్ పొర క్లోరిన్‌ను పూర్తిగా లాగేస్తుంది. అందుకే ఆ నీళ్లు రుచిగా ఉంటాయి, అందుకే నిల్వకు పనికిరావు కూడా. డబ్బాలో ఒక్క క్రిమి మిగిలినా దాన్ని ఆపేది ఆ నీళ్లలో ఏమీ ఉండదు. జలమండలి నల్లా నీళ్లలో క్లోరిన్ వేసే పంపుతారు. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం ఇంటి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఆ కాస్త క్లోరినే డబ్బాలో కాపలా కాస్తుంది. బోరు నీళ్లు మాత్రం నింపకండి. వాటిలో క్లోరిన్ ఉండదు, మన చుట్టుపక్కల చాలా చోట్ల ఫ్లోరైడ్, ఉప్పు ఎక్కువ. మరిగించినా అవి పోవు, ఆవిరి పోయిన కొద్దీ ఇంకా చిక్కబడతాయి.

నల్లా నీళ్లు సంపులో పడ్డ తర్వాత పట్టుకుంటే లాభం లేదు, సంపులోకి పడకముందే పట్టాలి. మీటరు దగ్గర కుళాయి ఉంటే సరే. పైపు నేరుగా సంపులోకి పోతుంటే ప్లంబరును పిలిచి మీటరు తర్వాత ఒక టీ (పైపును చీల్చే మూడు మూతుల ముక్క) వేయించి, అర అంగుళం కుళాయి పెట్టించండి. గంట పని. అత్యవసరం సంగతి అలా ఉంచి, రోజూ తాగే నీళ్లకు కూడా అదే మంచిది.

నింపే రోజు ముందు డబ్బాలను సబ్బుతో, సీసా బ్రష్షుతో లోపలి మూలలు, మూత మరలు, కుళాయి సందు తోమి కడగండి. తర్వాత ఐదు లీటర్ల నీళ్లలో ఒక టీస్పూను బ్లీచింగ్ పౌడరు కలిపి, పది నిమిషాలు తేరనిచ్చి, పైన తేట మాత్రం డబ్బాలోకి వంపుకోండి. మూత పెట్టి అన్ని గోడలకూ తగిలేలా ఊపి, పది నిమిషాలు ఉంచండి. కుళాయి తిప్పి అందులోంచి కూడా కొంచెం పోనివ్వండి, అందరూ మరిచేది అదే. ఆ నీళ్లు పారబోసి, మంచినీళ్లతో ఒకసారి కడిగేయండి. గుడ్డతో లోపల తుడవకండి. గుడ్డకు ఉన్నదంతా మళ్లీ డబ్బాకు అంటుతుంది.

నల్లా రాగానే పట్టకండి, పది నిమిషాలు వదలండి. రోజు తప్పించి రోజు వచ్చే సరఫరాలో ఖాళీ పైపు గాలిని లాక్కుంటుంది, సందు ఉన్నచోట పక్కనున్న మురికిని కూడా లాక్కుంటుంది. అదంతా మొదటి ధారలో వస్తుంది. ఆ నీళ్లు సంపులోకి కాకుండా మొక్కలకో, వాకిలి కడగడానికో పోనివ్వండి. ధార తేటపడ్డాక తెల్లని స్టీలు గ్లాసులో పట్టి చూడండి. రంగు లేకుండా, బురద వాసన లేకుండా, సన్నగా క్లోరిన్ వాసన ఉంటే అప్పుడు డబ్బా పెట్టండి. డబ్బాను మెడ దాకా నింపి, మూత లోపలి వైపు వేలు తగలకుండా బిగించండి.

క్లోరిన్ వాసన అసలు రాకపోతే, పైపు చివరి ఇళ్లలో అలాగే జరుగుతుంది, మీరే వేసుకోవాలి. మందుల షాపులో సోడియం డైక్లోరోఐసోసయన్యురేట్ మాత్రలు దొరుకుతాయి. 67 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి ఇరవై లీటర్ల తేట నీళ్లకు, 33 మిల్లీగ్రాములది పది లీటర్లకు. స్ట్రిప్ మీద ఎన్ని లీటర్లకని రాసి ఉంటుంది, అదే పాటించండి. మాత్రలో సగం విరిచి మిగతాది దాచకండి, గాలి తగిలితే బలం పోతుంది. కిట్‌లో పది మాత్రల స్ట్రిప్ ఒకటి ఉంటే 200 లీటర్ల నీళ్లను బాగుచేసుకునే శక్తి మీ జేబులో ఉన్నట్టే. 60 లీటర్లకు మించి దాచే చోటు లేని చిన్న ఇళ్లకు దీనికంటే చవకైన బీమా లేదు.

నల్లా వాసన తగ్గింది కదా అని బట్టలకు వాడే సువాసన బ్లీచ్, బాత్రూమ్ కడిగే మందు మాత్రం నీళ్లలో వేయకండి.

కొన్న క్యాను గురించి కూడా రెండు మాటలు. సీలు మీద ఐఎస్ఐ గుర్తు, దాని పైన ఐఎస్ 14543 అనే అంకె, కింద సీఎం/ఎల్ అనే లైసెన్సు నంబరు, ప్యాక్ చేసిన తేదీ ఉన్నాయో లేదో చూడండి. ఆ లైసెన్సు నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నిజమో కాదో తెలుస్తుంది. గల్లీ ప్లాంటులో నింపి, గుండ్రటి మూత నొక్కి ఇచ్చే క్యాను రోజువారీ వాడకానికే, దాచడానికి కాదు. క్యానును వెలుతురు వైపు పెట్టి చూడండి, లోపల పచ్చటి చాయ కనబడినా, తలకిందులు చేస్తే మూత దగ్గర కారినా వద్దనండి. సీలు విప్పిన క్యాను మూడు రోజుల్లో అయిపోవాలి.

ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు మార్చాలి

మేడ మీద వద్దు, బాల్కనీలో వద్దు, కారు డిక్కీలో అసలే వద్దు. ఎండ ప్లాస్టిక్‌ను పాడు చేస్తుంది, క్లోరిన్‌ను ఎగరగొడుతుంది, వెలుతురు తగిలితే పాచి పడుతుంది. సెల్లారు కూడా వద్దు, మునిగే చోట మునిగిన రోజుకు సామాను దాచి ఏం లాభం? గ్యాస్ సిలిండరు, కిరోసిన్, పెట్రోలు, దోమల మందు దగ్గర పెట్టకండి, ఆ వాసన ప్లాస్టిక్ గుండా లోపలికి పోతుంది. ఇంట్లో చల్లగా, చీకటిగా ఉండే మూల, మంచం కింద, బియ్యం డబ్బాల పక్కన మంచిది. కింద చెక్క వేసి పెట్టండి. మూసీ పక్కన, నాలా పక్కన, చెరువు కింది కాలనీల్లో కింది అంతస్తులో ఉండేవాళ్లు రెండు లీటర్ల బాటిళ్లు, మాత్రలు సజ్జ మీద పెట్టండి. ఇరవై లీటర్ల క్యాను మాత్రం సజ్జ ఎక్కించకండి. అది ఎక్కించేటప్పుడో, దించేటప్పుడో ఎవరి మీదో పడుతుంది.

డబ్బాకు తెల్ల టేపు అంటించి, పర్మనెంట్ మార్కర్‌తో నింపిన తేదీ, ఎక్కడి నీళ్లో, మాత్ర వేశారో లేదో రాయండి. ఇంట్లో నింపిన నీళ్లు ఆరు నెలలు ఉంచవచ్చని మామూలుగా చెబుతారు. మే నెలలో ఇంటి గోడలే వేడెక్కే ఊళ్లో మూడు నెలలకు మార్చడమే మంచిది. గుర్తు పెట్టుకోవడానికి పండుగలు ఉండనే ఉన్నాయి: ఉగాది, బోనాలు, దసరా, సంక్రాంతి. ఇల్లు ఎలాగూ కడుగుతారు, ఆ రోజే పాత నీళ్లతో కడిగి డబ్బాలు కొత్తగా నింపండి. బోనాల నాటి నింపడం మాత్రం తప్పకండి, వానలు దంచి కొట్టే నెలలు ఆ తర్వాతే. కొన్న బాటిళ్లకు వాటి మీద రాసిన గడువు తేదీయే లెక్క.

వాన ముదురుతోందని తెలిసిన సాయంత్రం

వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇచ్చినా, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తుతున్నారని విన్నా, కరెంటు పోకముందే చేయాల్సినవి ఇవి. 1908 సెప్టెంబరు 28 మూసీ వరద తర్వాత అలాంటి వరదలను ఆపడానికి కట్టిన జలాశయాలవి, ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అవి నిండితే వదలక తప్పదు, వదిలితే మూసీ ఒడ్డున నీళ్లు లేస్తాయి.

మొదట పైన ట్యాంకు నిండా ఎక్కించండి. కరెంటు పోయినా అది పై నుంచి కిందికి దానంతట అదే వస్తుంది, వరద నీళ్లు అక్కడికి చేరవు. అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌కు ఫోను చేసి చెప్పండి, మోటారు వేయమని ఒక్కరు చెబితే చాలు, అందరికీ ఉపయోగం. తర్వాత ఆర్వో ట్యాంకు నిండనివ్వండి. అందులో ఏడెనిమిది లీటర్లు పడతాయి, చాలా మిషన్లలో కరెంటు లేకపోయినా కుళాయి తిప్పితే వస్తాయి. ఇంట్లో ఉన్న బకెట్లు, టబ్బులు, గుండిగలు వాడుక నీళ్లతో నింపి బాత్రూమ్‌లో పెట్టండి. ఒక్కసారి ఫ్లష్ నొక్కితే ఐదారు లీటర్లు పోతాయి కాబట్టి, ఆ రోజు నుంచి మగ్గుతోనే పని. ఆ తర్వాత కరెంటు బోర్డులో మోటారు స్విచ్ (ఎంసీబీ) ఆపేయండి. నీళ్లు మోటారును అందుకున్నాక ఆపడానికి దిగితే షాకు కొడుతుంది.

సంపు మూత ఒకసారి చూసి రండి. మూత చుట్టూ సిమెంటు రింగు నేల కంటే అడుగు ఎత్తుగా ఉందా? మూతకు రబ్బరు ఉందా? గాలి గొట్టం మూతి వంచి, పైకి ఉందా? మన సంపులు చాలావరకు నేలకు సమంగా, ఇనుప రేకు మూతతో ఉంటాయి. ఐదు అంగుళాల నీళ్లు నిలిస్తే చాలు, ఆ సందులోంచి మురుగు లోపలికి పోతుంది. పొంగు నీళ్లు పోయే పైపు డ్రైనేజీ గుంతకు కలిపి ఉంటే అది ఇంకా ప్రమాదం, డ్రైనేజీ నిండగానే అదే దారిన వెనక్కి వస్తుంది. అక్కడ నాన్ రిటర్న్ వాల్వు పెట్టించండి. వానాకాలం ముందు ఈ రెండు పనులకు పెట్టే ఖర్చు, తర్వాత ఒక్కరికి కామెర్లు వస్తే అయ్యే ఖర్చులో ఏ మూలకూ రాదు.

దాచిన నీళ్లు అయిపోతే

పైన ట్యాంకు మీ తర్వాతి దిక్కు. అందులోంచి తీసిన నీళ్లు మరిగించి తాగండి. బుడగలు కాదు, నీళ్లు తెర్లాలి, తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచితే చాలు. ఇరవై లీటర్లు మరిగించడానికి పావు కిలో దాకా గ్యాస్ పడుతుంది, రోజూ మరిగిస్తే సిలిండరు మీద బరువే. అందుకని బిడ్డకు, గర్భిణికి, ముసలివాళ్లకు మరిగించినవి, మిగతావాళ్లకు మాత్ర వేసినవి అని విడదీసుకోవచ్చు. గర్భిణి విషయంలో రాజీ పడకండి. మురుగు నీళ్లతో వచ్చే కామెర్లలో హెపటైటిస్ ఈ అనేది గర్భిణులకు ప్రాణాంతకం.

నీళ్లు బురదగా ఉంటే నేరుగా మాత్ర వేసి లాభం లేదు. బురదే క్లోరిన్‌ను తినేస్తుంది, క్రిములు మిగిలిపోతాయి. ముందు తేట చేయాలి. పటిక ముక్క పట్టుకుని బిందెలో నాలుగైదు సార్లు గుండ్రంగా తిప్పి, గంట కదపకుండా ఉంచండి. మన పెద్దవాళ్లు చిల్లగింజను కుండ లోపలి గోడకు అరగదీసి చేసిందీ ఇదే పని. అడుగున బురద పేరుకుంటుంది. పైన తేటను నాలుగు మడతల నూలు గుడ్డ గుండా ఇంకో పాత్రలోకి వంపండి. పటిక, చిల్లగింజ, గుడ్డ, ఈ మూడూ బురదనే తీస్తాయి, క్రిములను చంపవు. కాబట్టి ఆ తర్వాత మరిగించాలి లేదా మాత్ర వేయాలి. అప్పటికీ కాస్త మసకగా ఉంటే మాత్ర రెండింతలు.

మాత్ర లేదు, బ్లీచింగ్ పౌడరు ఉందనుకోండి. అదైనా గాలి తగలకుండా డబ్బాలో దాచినదై ఉండాలి. గడ్డకట్టి, మూత తీస్తే ముక్కుకు ఘాటు తగలకపోతే అది వట్టి సున్నమే. మంచి పౌడరు అంచుకు సమంగా ఒక టీస్పూను తీసుకుని, ముందు కొంచెం నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఇంకా నీళ్లు పోసి మొత్తం లీటరు చేసి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. పైన తేట నీళ్లు రెండు టేబుల్ స్పూన్లు ఇరవై లీటర్లకు సరిపోతాయి. అడుగున తెల్లటి మడ్డి వేయకండి. ఆ తేట ఆ రోజుకే, మర్నాడు మళ్లీ కొత్తగా చేసుకోవాలి. ద్రవరూపంలో దొరికే, వాసన, రంగు కలపని 4 శాతం సోడియం హైపోక్లోరైట్ అయితే లీటరుకు ఒక చుక్క, ఇరవై లీటర్లకు ఇరవై చుక్కలు, అంటే ఒక మిల్లీలీటరు. ఏది వేసినా కలిపి అరగంట ఆగాలి. అరగంట తర్వాత వాసన చూడండి. సన్నగా క్లోరిన్ వాసన ఉండాలి. ఏ వాసనా లేకపోతే మళ్లీ అంతే వేసి ఇంకో పావుగంట చూడండి. అప్పటికీ లేకపోతే ఆ నీళ్లలో మురికి చాలా ఉన్నట్టు, తాగకండి. వాసన ఎక్కువై పిల్లలు తాగకపోతే ఒక శుభ్రమైన గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి నాలుగు సార్లు తిరగబోయండి.

బ్లీచింగ్‌ను, బాత్రూమ్ కడిగే యాసిడ్‌ను ఒకేచోట ఎప్పుడూ కలపకండి. వచ్చే గ్యాసు మూసిన గదిలో మనిషిని చంపగలదు.

వీధిలో నిలిచిన వరద నీళ్లను ఏం చేసినా తాగునీళ్లు కావు. అందులో డ్రైనేజీ ఒక్కటే కాదు, బండ్ల ఆయిలు, పెట్రోలు, షెడ్లలోని రసాయనాలు కలిసి ఉంటాయి. వీటిని మరిగించినా, క్లోరిన్ వేసినా పోవు. పైపెచ్చు క్రిప్టోస్పోరిడియం లాంటి క్రిములు క్లోరిన్‌కు లొంగవు, వాటికి మరుగు తప్ప దారి లేదు. గీజరులో మిగిలిన పదిహేను, ఇరవై లీటర్లు మాత్రం పనికొస్తాయి. కరెంటు ఆపి, చల్లారాక, నీళ్లు లోపలికి వచ్చే వాల్వు మూసి, అడుగు గొట్టం విప్పి పట్టుకుని, మరిగించి వాడుకోండి.

తాగునీళ్ల కోసం, ట్యాంకరు కోసం జలమండలి నంబరు 155313. ఇంట్లో గోడకు రాసి అంటించండి, ఫోనులో చార్జింగ్ లేనప్పుడు పక్కింటి ఫోనుతో చేయడానికి. ట్యాంకరు నీళ్లు కూడా నేరుగా మునిగిన సంపులోకి పట్టకండి, డబ్బాల్లోకి పట్టి మాత్ర వేసుకోండి.

ఎవరికైనా విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ పొట్లం ఉంటే ఒక లీటరు శుభ్రమైన నీళ్లలో కలిపి గుక్క గుక్కగా ఇవ్వండి. పొట్లం లేకపోతే అదే లీటరులో అంచుకు సమంగా తీసిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. ఉప్పు ఎక్కువ వేయకండి, పిల్లలకు హాని. ఒక రోజు దాటితే పారబోసి కొత్తగా కలపండి. నోరు ఎండి, కళ్లు లోపలికి పోయి, ఆరు గంటలుగా మూత్రం రాకపోతే ఇంట్లో ఆగకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. కిట్‌లో ఐదారు ఓఆర్ఎస్ పొట్లాలు పెట్టుకోమని చెప్పేది ఇందుకే, వరద రోజున మందుల షాపు తెరిచి ఉండదు.

నీళ్లు తీశాక

సంపులోకి వరద నీళ్లు వచ్చి ఉంటే మోటారు వేయకండి, పైకి ఎక్కిస్తే పైన ట్యాంకు కూడా పాడవుతుంది. ఎలక్ట్రీషియను మోటారు చూశాకే కరెంటు ఇవ్వండి. సంపు నీళ్లన్నీ వేరే పంపుతో బయటికి తోడించి, మూత గంటల పాటు తెరిచి ఉంచండి. లోపల ఊపిరాడని గాలి ఉంటుంది. ఒంటరిగా ఎవరినీ దింపకండి, దిగేవాడి నడుముకు తాడు, పైన ఇద్దరు మనుషులు తప్పనిసరి. గోడలు, అడుగు బ్రష్షుతో తోమి, ఆ మడ్డి పూర్తిగా ఎత్తిపోయించండి. తర్వాత నల్లా నీళ్లతోనో, ట్యాంకరు నీళ్లతోనో నింపి క్లోరిన్ వేయాలి. ఐదు వేల లీటర్ల సంపుకు మంచి బ్లీచింగ్ పౌడరు ముప్పావు కిలో నుంచి కిలో, బకెట్లో కలిపి తేట తీసి పోయండి. పన్నెండు గంటలు ఉంచి, ఆ నీళ్లు పూర్తిగా తీసేయండి, అవి తాగడానికీ మొక్కలకూ పనికిరావు.

మళ్లీ నింపాక వెయ్యి లీటర్లకు ఒక టీస్పూను బ్లీచింగ్ పౌడరు లెక్కన నీళ్లలో కలిపి, దాని తేట పోసి, గంట తర్వాత ఓటీ ద్రావణంతో (నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో చూపే ఆర్థోటోలిడిన్ మందు) పరీక్ష చేయండి. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి రెండు చుక్కలు వేస్తే లేత పసుపు రంగు తేలాలి. తేలితేనే మోటారు వేసి పైకి ఎక్కించండి. పరీక్ష గొట్టంలో నీళ్లు తాగకండి, పారబోయండి. పైన ట్యాంకు ముందే కలుషితమై ఉంటే దానికీ ఇదే వరస. ఆ వారమంతా తాగే నీళ్లు మరిగించే తాగాలి, ఖాళీ అయిన అరవై లీటర్ల డబ్బాలు మళ్లీ కడిగి, నల్లా తేటగా వచ్చిన రెండో వంతు రోజు నింపాలి. మొదటి వంతు నీళ్లు డబ్బాల్లోకి వద్దు, పైపుల్లో చేరిన మురికంతా ఆ రోజే వస్తుంది.